మూడణాల లెక్క: డాక్టరు రామమనోహర లోహియా జీవితచరిత్రము



మన సంఘ వార్షికసంచికలలో మన కులమునందు జన్మించి పేరుపొందిన పెద్దల చరిత్రములు ప్రచురించుట వాడుక. ఈ యేడు ఆ వాడుక తప్పి, మన కులమునకు గాని మన ప్రాంతమునకు గాని చెందని యొక మహాపురుషుని చరిత్రమును వ్రాయుచున్నాను. ఇందుకు కారణము కలదు. ఊరికి నాలుగైదిండ్లకు మించని మన వంటి చేతివృత్తి కులములకు చట్టసభలలో దిక్కెవరని యడిగినవారు ఈ దేశమున మిక్కిలి తక్కువ. అట్టివారిలో డాక్టరు రామమనోహర లోహియాగా రొకరు. కులసంఘములను గూర్చి వారు చెప్పినవానిలో మనకు తీపియైన మాటలును గలవు, చేదైన మాటలును గలవు. మందును దాచి బెల్లమును మాత్రము చేత బెట్టుట వైద్యుని పని గాదు గనుక, సభ్యులును పోషకులును రెంటిని ఓపికతో చదువ ప్రార్థన.

లోహియాగారు 1910వ సంవత్సరము మార్చి 23వ తేదీన, నాటి సంయుక్తరాష్ట్రములలోని ఫైజాబాదు జిల్లా అక్బరుపూరులో వైశ్యకుటుంబమున జన్మించిరి. ఆ పట్టణము నేడు ఉత్తరప్రదేశమున అంబేద్కరునగరు జిల్లాకు ముఖ్యస్థానమైనది. ఈ పేర్ల కలయిక యాదృచ్ఛికమే యైనను చెప్పదగినది. ఇనుము వ్యాపారముచేత ఆ వంశమునకు లోహియా యను పేరు వచ్చెనందురు. లోహశబ్దమే దీనికి మూలమని వేరుగ చెప్పనక్కరలేదు. పసితనముననే తల్లి గతించెను. తండ్రి హీరాలాలుగారు గాంధీమహాత్ముని అనుయాయులు. కావున ఆ బాలునకు ఇల్లే కాంగ్రెసు సభయయ్యెను.

బొంబాయిలోను, కాశీ హిందూవిశ్వవిద్యాలయములోను, కలకత్తా విద్యాసాగరు కళాశాలలోను చదివి 1929లో పట్టభద్రులై, పిమ్మట జర్మనీకి పోయి బెర్లినులో అర్థశాస్త్రము నభ్యసించిరి. ఆ దినములలో మన విద్యార్థులు సాధారణముగ ఇంగ్లండునకు పోవుచుండగా వీరు జర్మనీకి పోవుటయే యొక విశేషము. డాక్టరు పట్టమునకై వారు వ్రాసిన గ్రంథము భారతదేశమునందలి ఉప్పుపన్నును, ఉప్పుసత్యాగ్రహమును గూర్చినది. పేదవాని గంజిలోని ఉప్పురాయిపై పన్ను వేయు ప్రభుత్వమును గూర్చి బెర్లినులో పరిశోధనము చేసిన ఆ యువకుడే, ముప్పదేండ్ల పిమ్మట పేదవాని దినసరి రాబడిని లోకసభ ముందుంచి లెక్క యడిగెను. వారి జీవితమంతయు ఈ రెండు లెక్కల నడుమ సాగిన దారియని నా యభిప్రాయము.

1933లో స్వదేశమునకు వచ్చి, మరుసటియేడు కాంగ్రెసు సోషలిస్టు పక్షమును స్థాపించినవారిలో చేరిరి. 1936 మొదలు రెండేండ్లు అలహాబాదులో నెహ్రూగారి యాజమాన్యమున కాంగ్రెసువారి విదేశవ్యవహార శాఖను నడపిరి. తరువాత తాను జీవితాంతము ఎదిరింపవలసివచ్చిన మహానాయకుని చెంతనే పనిచేసి, ఆయన గుణములను లోపములను దగ్గరనుండి చూచిరన్నమాట. 1942 ఉద్యమములో అజ్ఞాతవాసము చేసి, బొంబాయిలో రహస్యముగ నడచిన కాంగ్రెసు రేడియోకు తోడ్పడిరి. నేపాళమునకు పోయి జయప్రకాశనారాయణుగారితో కూడి పనిచేసిరి. 1944 మే నెలలో పట్టుబడగా ప్రభుత్వమువారు వారిని లాహోరు కోటలో నుంచి నిద్ర పోనీయక చిత్రహింసలు పెట్టిరి. 1946 ఏప్రిలులో విడుదలయై, కొద్దికాలమునకే, జూను 18వ తేదీన, పోర్చుగీసువారి యేలుబడిలోని గోవాలో మడగాఁవున నిషేధమును ధిక్కరించి సభ జరిపిరి. విశ్రాంతియను పదమునకు వారి నిఘంటువులో చోటు లేదు.

జన్మదినోత్సవములను వారు జరుపుకొనలేదు. 1931 మార్చి 23వ తేదీన భగత్‌సింగును, ఆయన సహచరులిద్దరిని లాహోరులో ఉరిదీసిరి. అది తమ పుట్టినదినమే యగుటచేత, ఆ దినము దుఃఖదినమే గాని పండుగ గాదని లోహియాగారు మిత్రులను వారించుచుండిరి.

స్వరాజ్యము వచ్చిన తరువాత సోషలిస్టులు 1948లో కాంగ్రెసును వీడిరి. అటుపిమ్మట ఆ పక్షములు చీలుట, కలియుట, మరల చీలుట వ్రాసిన నొక గ్రంథమగును. అది మనకు ప్రస్తుతము గాదు. ఒక్క విషయము మాత్రము విడువరానిది. 1954లో తిరువాన్కూరు కొచ్చిను రాష్ట్రమున లోహియాగారి పక్షమువారే, పట్టం థాను పిళ్ళెగారి నాయకత్వమున మంత్రివర్గము నడపుచుండిరి. ఆ ప్రభుత్వపు పోలీసులు ప్రజలపై తుపాకులు కాల్చి కొందరిని చంపిరి. లోహియాగారు పక్షమునకు ప్రధానకార్యదర్శి. అప్పుడు వారు తమ ప్రాంతమున చెరసాలలో నుండిరి. చెరనుండియే, మంత్రివర్గము రాజీనామా చేయవలెనని కోరిరి. దేశమంతటిలో చేతికి చిక్కిన ఒకే ప్రభుత్వమును వదలుకొనుమనుట తెలివియా యని తోడివారు విస్మయపడిరి. ఒకరు కాల్చిన తప్పు, మనవారు కాల్చిన ఒప్పు అగునా యని వారి వాదము. ఆ వాదమునకు ఫలముగా తుదకు పక్షమునుండియే వెలివేయబడిరి.

వెలివేయబడినవారికి ఆశ్రయమిచ్చినది మన హైదరాబాదు. 1955 డిసెంబరు తుదిదినములలోను 1956 జనవరి తొలిదినములలోను అచట సభ చేసి వారు నూతనముగ సోషలిస్టు పక్షమును స్థాపించిరి. ఆ నగరపు బద్రీవిశాలు పిత్తీగారు వారికి కుడిభుజమైరి. మ్యాన్‌కైండు అను వారి మాసపత్రిక 1956లో అచటనే వెలువడెను. కులవ్యవస్థను గూర్చిన వారి గ్రంథమును 1964లో హైదరాబాదులోని నవహింద్ ప్రచురణాలయమే అచ్చువేసెను. విజయనగర సంస్థానపు పూసపాటి విజయరామ గజపతిరాజుగారును కొంతకాలము సోషలిస్టు పక్షమున పనిచేసిరి. కావున లోహియాగారు ఉత్తరదేశీయులే యైనను, వారి ఆలోచనలు అచ్చెక్కిన తావు తెలుగునేలయే.

1962 ఎన్నికలలో వారు ఫూల్పూరులో సాక్షాత్తు నెహ్రూగారిపై నిలిచి ఓడిరి. గెలుతునని కాదు, కొండకు పగులు పెట్టవలెనని నిలిచిరి. అదే యేడు గ్వాలియరు మహారాణిపై వారి పక్షము నిలిపిన అభ్యర్థి ఎవరనుకొందురు? వీథులూడ్చు వృత్తికి చెందిన యొక స్త్రీ. ఆమెయు ఓడెను. కాని రాణియు, ఊడ్చునదియు ఒకే పలకమీద పేర్లు వ్రాయించుకొనుట ఆ నగరము కన్నులార చూచెను.

మరుసటియేడు ఫరుఖాబాదు ఉపయెన్నికలో గెలిచి లోహియాగారు లోకసభ ప్రవేశించిరి. అప్పటికి వారి వయస్సు ఏబదిమూడు. స్వతంత్రభారతమున మంత్రివర్గముపై మొట్టమొదటి అవిశ్వాసతీర్మానమును ఆచార్య కృపలానీగారు ప్రతిపాదించిన సమయమది, 1963 ఆగస్టు. కొత్తగా వచ్చిన సభ్యుడు కొంతకాలము వెనుకబెంచీలలో కూర్చుండి మర్యాదలు నేర్చుకొనుట ఆచారము. లోహియాగారు ఆ ఆచారమును పాటింపలేదు. హిందీలో లేచి మాటాడుచు, ఈ దేశమున ఇరువదియేడు కోట్ల జనులు దినమునకు మూడణాలతో బ్రతుకుచున్నారనియు, ప్రధానమంత్రిగారి నిమిత్తము దినమునకు ఇరువదియైదువేల రూపాయలు వ్యయమగుచున్నదనియు చెప్పిరి. సభ అట్టుడికెను.

ఆ లెక్కను నేటి పిల్లలకు విప్పిచెప్పవలసియున్నది. నయాపైసలు 1957లోనే వచ్చినను జనుల నోట అణాలే నిలిచియుండెను. రూపాయకు పదునారణాలు. దినమునకు మూడణాల చొప్పున ముప్పది దినములకు తొంబదియణాలు, అనగా అయిదు రూపాయల పదియణాలు. తిండి, బట్ట, దీపము, మందు, అన్నియు అందులోనే జరుగవలెను. ప్రణాళికాసంఘము పిలిచిన నిపుణులు అంతకు ముందుయేడే తలకు నెలకు ఇరువదిరూపాయలైనను లేనిదే బ్రతుకు సాగదని తేల్చియుండిరి. ఇక ఇరువదియైదువేల రూపాయలను మూడేసి యణాలుగా పంచినచో ఒక లక్ష ముప్పదిమూడు వేలమందికి మించి ఒక దినము గడచును. అప్పటి జనసంఖ్య రమారమి నలుబదియైదు కోట్లు. ఇరువదియేడు కోట్లనగా అందులో నూటికి అరువదిమంది. ఈ అరువది యను సంఖ్యను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు మరల వచ్చును.

నెహ్రూగారు ఆ లెక్కను అంగీకరింపక, ప్రణాళికాసంఘపు గణన ప్రకారము తలసరి రాబడి పదునైదణాలని బదులు చెప్పిరి. ఇద్దరును అసత్యమాడలేదు. నెహ్రూగారు చెప్పినది దేశమంతటికి సగటు. లోహియాగారు చెప్పినది అడుగున నున్నవారి పాలు. ఒక యింటిలో యజమాని పండ్రెండు రొట్టెలు తిని పాలేరు పస్తుండగా, తలకు ఆరు రొట్టెల చొప్పున ఇద్దరును భోజనము చేసిరని గణితము చెప్పును. గణితము తప్పుగాదు, పాలేరు ఆకలియు తప్పుగాదు. సెప్టెంబరులో ఈ విషయముపై ప్రత్యేకముగ చర్చ జరిగినప్పుడు లోహియాగారు పట్టినది ఈ సూక్ష్మమునే. సగటును చూపి పేదవానిని మరుగుపరుపరాదనునది ఆ తరువాత అర్థశాస్త్రజ్ఞులందరును ఒప్పుకొనిన మాట. ఆ చర్చ మూడణాలు, పదునైదణాల వాదమని దేశమంతట పేరుపొందెను.

ఇచట నాకు రుచింపని దొకటి చెప్పవలెను. ప్రధానమంత్రిగారి పెంపుడుకుక్కకు దినమునకు మూడు రూపాయలగుచున్నవని లోహియాగారు ఎత్తిపొడిచిరి. ఇరువదియైదువేలలో రక్షకభటుల వ్యయము మొదలైనవియు కలిసియుండును గదా, ఆ ధనమంతయు నెహ్రూగారి కడుపులోనికి పోలేదు. స్వాతంత్ర్యమునకై తొమ్మిదేండ్లు చెరలో గడపిన పురుషుని యెడల ఆ యెత్తిపొడుపు పరుషము. కాని పరుషముగ చెప్పనిచో ఆ మూడణాలు వార్తాపత్రికల మొదటిపుట కెక్కియుండునా? దీనికి నాకు సమాధానము దొరకలేదు.

ఇక కులవిషయము. వర్గమునకును కులమునకును భేదము చలనములోనే యున్నదని లోహియాగారి సిద్ధాంతము. పైకి క్రిందికి కదలుటకు వీలున్నది వర్గము, కదలక గడ్డకట్టినది కులము. మన దేశమున పాలకులైనవారికి మూడు లక్షణములు గలవనిరి: పైకులము, ధనము, ఆంగ్లవిద్య. ఈ మూటిలో రెండున్నను వాడు పాలకవర్గమున చేరిపోవును. ఒక్కటియు లేనివారు దేశమున నూటికి తొంబదిమంది. వీరికి అవకాశములు సమానమని చెప్పి ఊరకుండుట, కాలు విరిగినవానిని పందెమునకు పిలుచుటవంటిది. కావున ముందు అవకాశమిచ్చి యోగ్యతను పెంపవలెను గాని, యోగ్యత వచ్చిన పిమ్మట అవకాశమిత్తుమనరాదు. ఇట్లు చెప్పి, ఉన్నతోద్యోగములలోను నాయకపదవులలోను నూటికి అరువది శూద్రులకు, హరిజనులకు, గిరిజనులకు, అన్యమతములందలి వెనుకబడినవారికి, స్త్రీలకు కేటాయింపవలెనని పక్షముచేత తీర్మానము చేయించిరి. మూడణాలవారు నూటికి అరువదిమంది యగునట్లే పదవులును నూటికి అరువది.

స్త్రీలను ఈ పట్టికలో చేర్చుట వారి విశేషము. ఏ కులపు స్త్రీయైనను వెనుకబడినదేయని వారి మతము. పల్లెలలో స్త్రీలకు మరుగుదొడ్లు లేకపోవుట, పొగపొయ్యి యెదుట కన్నులు చెడుట, నీటికై కడవలు మోయుట, వీనిని రాజకీయవిషయములుగ ఎత్తినవారు ఆ కాలమున వారుతప్ప కానరారు. పెద్దమనుష్యులు ఆ మాటలు విని నవ్విరి. సావిత్రికంటె ద్రౌపదియే మన స్త్రీలకు ఆదర్శము కాదగినదని కూడ వ్రాసిరి. సంస్కృతము చదివిన మావంటివారికి ఇది మొదట గొంతు దిగదు. కాని సభాపర్వమును మరల తెరచి చూడుడు. తన్ను తాను ఓడిన పిమ్మట భార్యను పణముగ నొడ్డుటకు భర్తకు అధికారమెక్కడిదని ద్రౌపది నిండుసభలో అడిగినప్పుడు భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. ఉత్తరము చెప్పలేని ప్రశ్నను సభలో వేయుటయే ఆమె బలము. లోహియాగారికి ఆమె నచ్చుటలో వింతలేదు.

ఇప్పుడు చేదుమాట. వెనుకబడిన కులముల ఉద్యమములపై లోహియాగారికి భ్రమలు లేవు. సంఖ్యాబలము గల రెండుమూడు పెద్దకులములు వెనుకబడినవారి పేర లేచి, ఫలమంతయు తామే కోసికొని, వందలకొలది చిన్నకులములను ఉన్నచోటనే యుంచునని ముందుగనే హెచ్చరించిరి. పైకి వచ్చిన నాయకుడు కులవ్యవస్థను విరుచుటకు బదులు అగ్రకులములను అనుకరించి, జందెము ధరించి, అంతవరకు పొలమున స్వేచ్ఛగ తిరిగిన ఇంటి ఆడువారిని ఘోషాలో పెట్టుననియు చెప్పిరి. అసూయయే గాని మార్పు లేని ఉద్యమము కులమును చంపదు, మరింత గట్టిపరచుననిరి. మన వృద్ధులు జందెములకై జరిపిన వాదోపవాదములు ఎరిగినవారికి ఈ మాట ఎచట తగులునో నేను చెప్పనక్కరలేదు. సహపంక్తిభోజనము నిరాకరించువాడు ప్రభుత్వోద్యోగమునకు అనర్హుడు కావలెననియు, వర్ణాంతరవివాహము ఉద్యోగమునకు ఒక యర్హత కావలెననియు కూడ వారు కోరిరి. వధూవరుల పట్టికలు ప్రకటించు కులసంచికలో ఈ కోరిక అచ్చగుట కొందరికి వింతగ తోచును. సంపాదకవర్గమువారు దీనిని తొలగింతురేమోయని శంకించియే వ్రాసితిని.

డాక్టరు అంబేద్కరుగారితో కలిసి పనిచేయవలెనని లోహియాగారు 1956లో ఉత్తరప్రత్యుత్తరములు జరిపిరి. ఆ యేడు డిసెంబరు 6వ తేదీన అంబేద్కరుగారు దివంగతులగుటచే ఆ కలయిక జరుగలేదు. జరిగియుండినచో ఈ దేశపు రాజకీయము వేరు తీరున నుండెడిదని తలచువారు పెక్కురు.

నూటికి అరువది యను మాట తరువాత ఏమయ్యెనో చెప్పి ముందునకు పోదము. కాకా కాలేల్కరుగారి సంఘము 1955లోనే 2,399 కులములను వెనుకబడినవిగ గుర్తించి నివేదిక యిచ్చినను కేంద్రప్రభుత్వము దానిని త్రోసిపుచ్చెను. 1967లో లోహియాగారి పక్షముననే లోకసభకు ఎన్నికైన బి. పి. మండలుగారు, లోకసభ సభ్యుడై యుండియు బీహారులో మంత్రిపదవి స్వీకరించిరి. అది నియమవిరుద్ధమని లోహియాగారు ఆక్షేపింపగా మండలుగారు పక్షమును వీడిరి. విధి విచిత్రమైనది. ఆ మండలుగారే 1979లో రెండవ సంఘమునకు అధ్యక్షులై 1980 డిసెంబరులో నివేదిక యిచ్చిరి. దాని ఫలముగ 1990లో కేంద్రోద్యోగములలో నూటికి 27 ప్రకటింపబడి, 1992 నవంబరులో సుప్రీముకోర్టు ఆమోదము పొందెను. చిన్నకులముల విషయమున మన రాష్ట్రము కొంత నయము. 1970లోనే ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వెనుకబడిన తరగతులను ఏ, బీ, సీ, డీ యని నాలుగు వర్గములుగ విభజించి నూటికి 25 పాళ్లను వానికి వేరువేరుగ పంచెను. కేంద్రమునందు అట్టి విభజనకై జస్టిసు రోహిణిగారి యధ్యక్షతన 2017లో సంఘము నియమింపబడి, 2023 జూలైలో నివేదిక సమర్పింపబడెను. లోహియాగారు చూపిన వ్రణమునకు మందు వెదకుట ఆరంభించుటకే అంతకాలము పట్టెనన్నమాట. స్త్రీలకు చట్టసభలలో మూడవవంతు స్థానములు కేటాయించు రాజ్యాంగసవరణము 2023లో వచ్చినను, అందులో వెనుకబడిన తరగతుల స్త్రీలకు వేరుపాలు లేదు.

లోకసభలో లోహియాగారి తక్కిన వాదములలో భాషావిషయము ముఖ్యము. ఆంగ్లము తెలిసిన కొద్దిమంది చేతిలో న్యాయస్థానములు, కార్యాలయములు ఉన్నంతకాలము తక్కినవారు తమ దేశములోనే పరదేశులని వారి వాదము. దస్తావేజులో ఏమి వ్రాసియున్నదో తెలియక వ్రేలిముద్ర వేసి భూమి పోగొట్టుకొన్నవారు మన పల్లెలలో ఎందరో గలరు గనుక ఈ వాదమున సత్యము లేదనజాలను. ఐనను దక్షిణాదివారికి హిందీయు నేర్చుకొనవలసిన భాషయే యను సంగతి వారి శిష్యులు తగినంత గమనింపలేదు. గురువుగారు మాతృభాషలన్నిటి పక్షమున మాటాడిరి, శిష్యులకు వానిలో ఒక్కటే వినబడెను.

అన్యాయమెచట నున్నను ఎదిరించుట వారికి స్వభావము. 1964 మే నెలలో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రమున జాక్సను పట్టణములో, శ్వేతజాతీయులకు మాత్రమే యని నియమము గల భోజనశాలకు పంచెకట్టుతో పోయిరి. రానీయమనగా కదలక నిలిచి అరెస్టయిరి. ప్రభుత్వము క్షమాపణ చెప్పగా, తనకు గాదు, స్వాతంత్ర్యదేవతా విగ్రహమునకు చెప్పుకొనుడని వారు బదులిచ్చిరందురు. పరదేశమున లోకసభ సభ్యునకు గల మర్యాదను అడ్డు పెట్టుకొనక, నల్లవారికి జరుగునదే తనకును జరుగనిచ్చుట ఇందులో గమనింపదగినది.

1967 సార్వత్రికయెన్నికలలో కన్నౌజునుండి అయిదువందల లోపు వోట్ల యాధిక్యముతో గెలిచిరి. కాంగ్రెసేతర పక్షములన్నియు కూడవలెనని వారు చేసిన ప్రచారము ఫలించి, ఆ యేడు పెక్కు రాష్ట్రములలో కాంగ్రెసు పదవి పోగొట్టుకొనెను. ఉత్తరమున అదివరకు పొలము తప్ప పదవి యెరుగని కులములవారు మంత్రులైరి. ఆ మంత్రివర్గములును పేదలకు త్వరగ మేలు చేయకున్నచో కూలవలెనని లోహియాగారు తొందరపెట్టుచుండిరి. స్వపక్షమువారికి వారు ఎన్నడును సుఖమైన నాయకులు గారు.

ఆ సెప్టెంబరు తుదిని ఢిల్లీలోని విలింగ్డను ఆసుపత్రిలో వారికి శస్త్రచికిత్స జరిగెను. పిమ్మట స్థితి విషమించి, 1967 అక్టోబరు 12వ తేదీన, ఏబదియేడవయేట, దేహము చాలించిరి. వివాహము చేసికొనలేదు. సొంత ఇల్లు లేదు. వారసులకు పంచవలసిన సొత్తు లేదు. విలింగ్డనుప్రభువు పేరు తీసి ఆ ఆసుపత్రికి తరువాత లోహియాగారి పేరే పెట్టిరి. ఢిల్లీ పోయినవారు ఆ ద్వారముకడ, దూరగ్రామములనుండి రోగులను వెంటబెట్టుకొని వచ్చి చీటీకై వరుసలో నిలిచిన జనులను చూడవచ్చును.